గోల్ కొట్టినవాళ్ళే ఆటగాళ్ళా?



పోయిన నెల మన హాకీ టీముకు సెలక్షన్ జరిగింది. ఒక్క సాయంత్రం ఆడించి, ఎవరు ఎన్ని గోల్స్ కొట్టారో చూసి పేర్లు రాసుకున్నారు. నా పేరు రాలేదు. నేను మధ్యలో ఆడతాను. బంతిని ఆపి ముందువాళ్ళకి అందించడమే నా పని. కోపంతో రాస్తున్నానని అనుకోకండి. కోపం రెండు రోజులే ఉంది. తర్వాత లైబ్రరీలో పేపర్లు తిరగేసి ఇద్దరి గురించి చదివాను.

ఒకరు రాణీ రాంపాల్. హర్యానాలోని షాబాద్ ఊరు. వాళ్ళ నాన్న బండి తోలేవాడు. మొదట కోచ్ గారు ఆమెను చేర్చుకోలేదు. ఒంట్లో బలం లేదన్నారు. అయినా రోజూ గ్రౌండుకి వెళ్ళి, విరిగిన స్టిక్కుతోనే ఆడింది. చివరికి ఆయనే నేర్పించారు. 14 ఏళ్ళకే ఇండియా టీములో ఆడింది. 2010 ప్రపంచ కప్పులో 15 ఏళ్ళకే 7 గోల్స్ కొట్టింది.

రెండో ఆమె సలీమా టేటే. జార్ఖండ్‌లోని సిమ్డెగా జిల్లా. మనలాగే ఆదివాసీ అమ్మాయి, మనలాగే హాస్టల్లో ఉండి నేర్చుకుంది. వెదురు కర్రతో మొదలుపెట్టింది. ఆ ఊళ్ళలో పోటీ గెలిస్తే మేకను బహుమతిగా ఇస్తారంట! 2018లో యూత్ ఒలింపిక్స్‌లో ఆమె కెప్టెన్‌గా మన అమ్మాయిలు వెండి పతకం తెచ్చారు. 2024లో పెద్దవాళ్ళ టీముకు కెప్టెన్ అయింది.

రాణి ముందు వరుసలో ఆడేది కాబట్టి ఆమె ఎదగడం గోల్స్ లెక్కలో కనిపిస్తుంది. సలీమాది మధ్య ఆట. ఆమె ఎన్ని బంతులు ఆపిందో, ఎన్ని అందించిందో పేపర్లో రాయరు. గోల్సే లెక్కపెడితే సలీమా చిన్నదైపోతుంది. కానీ ఇద్దరూ ఇండియాకు కెప్టెన్లు అయ్యారు కదా!

2021లో టోక్యో ఒలింపిక్స్‌లో ఇద్దరూ ఒకే టీములో ఆడారు. క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియాను 1-0తో ఓడించారు. 22వ నిమిషంలో గుర్జీత్ కౌర్ గోల్ కొట్టింది. ఆట 60 నిమిషాలు. మిగిలిన 38 నిమిషాలు గోల్ కీపర్ సవిత, వెనకాలవాళ్ళు, మధ్యవాళ్ళు ఆపబట్టే ఆ ఒక్క గోల్ నిలిచింది.

మా అమ్మ చదువుకోలేదు. కానీ ఒక మాట అంటది. మంచె మీద కూర్చుని పిట్టల్ని తోలినవాళ్ళు లేకపోతే కోసేవాళ్ళకి ఏం మిగులుద్ది అని. ఆట కూడా అంతే అని నాకు అనిపించింది.

సెలక్ట్ అయిన అమ్మాయి నా స్నేహితురాలే. బాగా పరిగెత్తుతుంది, తను వెళ్ళాల్సిందే. పీఈటీ సార్ కష్టం కూడా తెలుసు. సార్ ఒక్కరు, మేము చాలామందిమి, స్టిక్కులేమో ఆరు. అయినా నా అభిప్రాయం రెండు మాటల్లో చెప్తాను.

ఒకటి. సెలక్షన్ ఒక్క సాయంత్రం కాకుండా నెల రోజులు చూడాలి. ఒక నోటు బుక్కులో గోల్స్‌తో పాటు ఎవరు ఆపారు, ఎవరు అందించారు అని కూడా రాయాలి. ఆ బుక్కు రాసే పని నేను చేస్తాను.

రెండు. ఆరో తరగతి, ఏడో తరగతి చెల్లెళ్ళను "నీకు రాదులే" అని పక్కన కూర్చోబెట్టొద్దు. రాణిని కూడా మొదట వద్దన్నారు. రోజూ గ్రౌండు ఉంది కాబట్టి ఆమె మళ్ళీ మళ్ళీ వెళ్ళింది. మనకి సాయంత్రం ఆట గంట ఉంది. పరీక్షలు వస్తున్నాయని దాన్ని తీసేయకండి మేడం.

నేను మాత్రం రోజూ గ్రౌండుకి వస్తున్నాను, మధ్యలోనే ఆడుతున్నాను. తప్పులుంటే క్షమించండి.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని