ఓడ దిగని సొమ్ము

మార్చి రెండో వారం వచ్చిందంటే టెక్సస్‌లో చాలా బడులు మూతపడతాయి. వారం రోజుల వసంత సెలవులు. శనివారం పొద్దున్నే డాలస్‌లో బయల్దేరిన కార్లు హ్యూస్టన్ దాటి గాల్వెస్టన్ రేవు దగ్గర బారులు తీరతాయి. వెనక సీట్లో పిల్లలు, వాళ్ల ముందు ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మా తాతయ్యా, డిక్కీ నిండా పెట్టెలు. ఆ వరసలో తెలుగు కుటుంబాల కార్లూ బాగానే కనిపిస్తాయి. వారంపాటు సముద్రం మీద క్రూజ్ ఓడే ఇల్లు, నడుమ మెక్సికోలోని కోజుమెల్ దీవి, ఇంకో రెండు రేవులు, మళ్లీ ఆదివారానికల్లా ఇంటికి.

ఒకప్పుడు స్ప్రింగ్ బ్రేక్ అంటే కాలేజీ కుర్రకారు వ్యవహారం. 1960లో ‘వేర్ ద బాయ్స్ ఆర్’ సినిమా వచ్చాక ఫ్లారిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్ తీరం వాళ్ల అడ్డాగా మారింది. ఆ గోల భరించలేక 1980ల్లో ఊరు ఆంక్షలు పెట్టింది. ఇప్పుడు అదే ఊరి రేవు నుంచి పిల్లాజెల్లాతో కుటుంబాలను ఎక్కించుకుని ఓడలు కరీబియన్ వైపు కదులుతున్నాయి. కరీబియన్‌లో తుపాన్ల కాలం జూన్ నుంచి నవంబరు చివరి దాకా. మార్చిలో వానలు తక్కువ, ఈతకు నీళ్లు హాయిగా వెచ్చగా ఉంటాయి. కరోనా రోజుల్లో రేవుల్లోకి రానివ్వక ఓడలు నడిసముద్రంలో నిలిచిపోయినప్పుడు ఈ వ్యాపారం పని అయిపోయిందన్నవాళ్లున్నారు. కానీ 2019లో ప్రపంచమంతా కలిపి 2 కోట్ల 97 లక్షల మంది క్రూజ్ ఎక్కితే, 2024లో 3 కోట్ల 46 లక్షల మంది ఎక్కారు. అందులో పెద్ద వాటా కరీబియన్‌దే.

జనం ఎందుకు ఎగబడుతున్నారో అర్థం కాని సంగతేమీ కాదు. ఒక్క గదికి డబ్బు కడితే నలుగురూ సర్దుకోవచ్చు, మూడో మనిషికీ నాలుగో మనిషికీ టికెట్టు తక్కువ. మూడు పూటలా తిండి టికెట్టులోనే. పిల్లల్ని చూసుకోవడానికి విడిగా మనుషులుంటారు. మోకాళ్ల నొప్పులున్న తాతయ్య లిఫ్టులో డెక్కు మీదికి వెళ్లి కుర్చీ వేసుకుని కూర్చుంటే చాలు, ఊళ్లే ఆయన దగ్గరికి వస్తాయి. ఊరు మారినప్పుడల్లా పెట్టె సర్దే పని లేదు. అన్నిటికీ మించి, ఏడాది పొడవునా ఆఫీసూ వంటిల్లూ ఒంటిచేత్తో లాక్కొచ్చే ఇల్లాలికి ఏడు రోజులు పొయ్యి వెలిగించే పని ఉండదు. హోటలు గదిలో దిగినా రైస్ కుక్కర్ వెంట తీసుకెళ్లే జాతికి ఇది చిన్న సుఖం కాదు. ఇంట్లో వండినవి ఓడ ఎక్కనివ్వరు కాబట్టి పులిహోర పొట్లాలు రేవులోనే ఆగిపోతాయి. లోపల పెద్ద భోజనశాలలో అడిగితే శాకాహార భారతీయ భోజనం పెడతారు, ఉప్పూకారం సంగతి మాత్రం అడక్కూడదు.

వీసా చిక్కు ఒకటుంది. హెచ్1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవారి పాస్‌పోర్టులో స్టాంపింగ్ గడువు దాటిపోయినా, అమెరికాలో ఎంతకాలం ఉండొచ్చో చెప్పే ఐ-94 పత్రం చెల్లుబాటులో ఉంటే, మెక్సికోకు ముప్పై రోజుల లోపు వెళ్లొచ్చే వెసులుబాటు అమెరికా నిబంధనల్లో ఉంది. అదే ఓడ హోండురస్‌లోని రొయాటాన్‌నో బహామాస్‌నో తాకితే ఆ వెసులుబాటు వర్తించదు. అందుకే తెలుగు ఇళ్లలో క్రూజ్ రూటు పరిశీలన చాలాసార్లు ఇమిగ్రేషన్ లాయరు దగ్గర మొదలవుతుంది. ఏ దీవి ఎలా ఉంటుంది, అక్కడి మనుషులెవరు అన్న ఆరా తర్వాతి మాట. చాలామంది విషయంలో ఆ తర్వాత కూడా రాదు.

దానికి కుటుంబాలను తప్పుపట్టి లాభం లేదు. దీవి గురించి ఆలోచించే అవసరం రాకుండానే ఓడను కడుతున్నారు. 2024 జనవరిలో మయామి నుంచి తొలి యాత్రకు బయల్దేరిన ‘ఐకాన్ ఆఫ్ ద సీస్’నే తీసుకుంటే, ఇరవై డెక్కులు, ఏడు ఈతకొలనులు, ఆరు జారుడు బండలు, మంచు మీద స్కేటింగ్. మంచాలన్నీ నిండితే 7,600 మంది ప్రయాణికులు, వాళ్లకు సేవ చేయడానికి 2,350 మంది సిబ్బంది. పరిమాణంలో టైటానిక్ లాంటివి ఐదు. ఇంత హంగు ఉన్నచోట పిల్లలు రేవులో దిగుతామంటారా? రేవులో జనం దిగిపోయాక జారుడు బండ దగ్గర క్యూ ఉండదని అనుభవజ్ఞులు చెప్పుకునే చిట్కా కూడా ఒకటుంది. ఈ ధోరణికి బీజం యాభై ఏళ్ల కిందటే పడింది. 1972 మార్చిలో కార్నివాల్ కంపెనీ మొట్టమొదటి ఓడ ‘మార్డి గ్రా’ తొలి ప్రయాణంలోనే మయామి ఒడ్డున ఇసుకమేటలో కూరుకుపోయింది. ఎక్కడికీ కదలని ఓడతో మొదలైన కంపెనీ ఆ తర్వాత ప్రపంచంలోనే అతి పెద్ద క్రూజ్ సంస్థ అయింది.

ఇంత సౌఖ్యం అంత చవగ్గా ఎలా వస్తోంది? ఓడ వెనక ఎగిరే జెండా చూస్తే సగం జవాబు దొరుకుతుంది. కంపెనీల ఆఫీసులు మయామిలో, ప్రయాణికుల్లో అత్యధికులు అమెరికన్లు, జెండా మాత్రం బహామాస్‌దో పనామాదో. కార్నివాల్ దశాబ్దాలపాటు పనామాలో నమోదై ఉన్న సంస్థ, రాయల్ కరీబియన్ లైబీరియాలో. విదేశీ ఓడల ఆదాయానికి అమెరికా పన్ను చట్టంలో ఉన్న మినహాయింపుతో వాళ్ల ఆదాయపు పన్ను నామమాత్రం. 2025 ఫిబ్రవరిలో అమెరికా వాణిజ్య మంత్రి హోవర్డ్ లట్‌నిక్ ఈ సంగతి టీవీలో ఎత్తి, ఇక సాగనివ్వమన్న ధోరణిలో మాట్లాడగానే ఈ కంపెనీల షేర్లు జారిపోయాయి. మినహాయింపు ఎంత విలువైనదో మార్కెట్టుకు బాగా తెలుసు. ఇక 1886 నాటి చట్టం ఒకటుంది. అమెరికా రేవుల మధ్య ప్రయాణికులను చేరవేసే పని స్వదేశీ ఓడలకే పరిమితం. విదేశీ జెండా ఓడ ఏదో ఒక పరాయి రేవును తాకి రావాల్సిందే. హవాయి దీవుల మధ్య తిరిగే ‘ప్రైడ్ ఆఫ్ అమెరికా’ ఒక్కటే పెద్ద క్రూజ్ ఓడల్లో అమెరికా జెండా కట్టుకుంది. ఫ్లారిడా ఓడలు వరసపెట్టి బహామాస్ వైపు తిరగడంలో ఆ దీవుల అందం పాత్ర ఎంతో, ఈ పాత చట్టం పాత్రా అంతే.

మిగతా సగం జవాబు కింది డెక్కుల్లో ఉంటుంది. గది తుడిచేవారు, వడ్డించేవారు, గిన్నెలు కడిగేవారు ఎక్కువమంది ఫిలిప్పీన్స్, ఇండొనేసియా, ఇండియాల నుంచి వచ్చినవాళ్లే. మనవాళ్లలో గోవా, ముంబయి వైపు కుర్రాళ్లు చాలామంది. ఆరు నుంచి తొమ్మిది నెలల కాంట్రాక్టు, దాదాపు సెలవన్నది లేకుండా. అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందమే వారానికి 72 గంటల పనిని అనుమతిస్తోంది. అమెరికాలో ఆఫీసు పని వారానికి 40 గంటలు. పెద్ద కంపెనీలు మనిషికి రోజుకు 16 నుంచి 20 డాలర్ల దాకా టిప్పు కింద బిల్లులో కలిపేస్తాయి. కౌంటరు దగ్గరికి వెళ్లి దాన్ని తీయించుకునేవాళ్లూ ఉన్నారు. నలుగురున్న కుటుంబానికి వారానికి సుమారు 450 నుంచి 560 డాలర్ల దాకా మిగలొచ్చు, కానీ రోజుకు రెండుసార్లు పక్క దులిపి, తువ్వాలుతో ఏనుగుబొమ్మ చేసి పిల్లల్ని నవ్వించిన మనిషి కూలిలోంచి కోసుకున్న పొదుపు అది.

సముద్రం తన వాటా ఎవరినీ అడగదు కాబట్టి దాని లెక్క ఎప్పుడో గాని బయటపడదు. నూనె కలిసిన వ్యర్థాలను దొంగచాటు గొట్టంతో సముద్రంలోకి వదిలినందుకు 2016లో ప్రిన్సెస్ క్రూజెస్ 4 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకోవలసి వచ్చింది. కొత్తగా చేరిన ఒక ఇంజినీరు చూసి అధికారులకు చెప్పబట్టి ఆ సంగతి లోకానికి తెలిసింది.

ఇదంతా ఒక ఎత్తు, దీవుల కథ ఇంకో ఎత్తు. ఓడ ఆగితే రేవుకు పైసలు రాలతాయన్నది పాత ఆశ. టాక్సీవాడికి, కొబ్బరిబోండాలవాడికి, చేపల పులుసు పెట్టే పూటకూళ్లవాళ్లకు నాలుగు డాలర్లు అందాలి. కంపెనీలు ఆ నాలుగు డాలర్ల మీద కూడా కన్నేశాయి. 1977లో నార్వీజియన్ క్రూజ్ సంస్థ బహామాస్‌లో గ్రేట్ స్టిరప్ కే అనే చిన్న దీవిని చేతిలోకి తీసుకుని తన ప్రయాణికులకు మాత్రమే తెరిచింది. పక్కనే ఉన్న లిటిల్ స్టిరప్ కే రాయల్ కరీబియన్ చేతిలో ‘కోకోకే’ అయి, 2019 నాటికి ఆకాశమంత జారుడు బండలతో వినోద నగరంగా మారింది. డిస్నీకి 1998 నుంచి సొంత దీవి ఉంది. కార్నివాల్ 2025 జులైలో గ్రాండ్ బహామా దీవిలో ‘సెలబ్రేషన్ కీ’ తెరిచింది. మెక్సికోలో కోస్టా మాయా రేవునే కొంటున్నట్టు రాయల్ కరీబియన్ 2024లో ప్రకటించింది. మల్టీప్లెక్సులో టికెట్టు కన్నా పాప్‌కార్న్ మీద లాభం ఎక్కువన్నట్టే ఇక్కడి లెక్క కూడా. ఓడ దిగాక ఖర్చయ్యే డాలరు కూడా చాలావరకు తిరిగి ఓడలోకే వస్తుంది. ఇసుక బహామాస్‌ది, గొడుగు కింద అద్దె కుర్చీ కంపెనీది.

ఇందులో హైతీ ఉదంతం అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది. ఆ దేశం ఉత్తర తీరంలో లబాడీ అనే చోట రాయల్ కరీబియన్ దశాబ్దాలుగా కంచె వేసిన బీచ్ నడిపింది. 2010 జనవరి భూకంపంలో రాజధాని నేలమట్టమైన మూడు నాలుగు రోజులకే అక్కడ ఓడ ఆగింది, ప్రయాణికులు ఈతకు దిగారు. ఓడలో సహాయ సామగ్రి కూడా తెచ్చామని, రాబడి సహాయానికే ఇస్తామని, రాకపోతే స్థానికుల పొట్ట కొట్టినట్టవుతుందని కంపెనీ చెప్పింది. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయినా దిగడానికి మనసొప్పక ఓడలోనే ఉండిపోయినవాళ్లు ఉన్నారు. కంచెకు అటూ ఇటూ ఉన్న లోకాలు అంత స్పష్టంగా ఒకదాన్నొకటి చూసుకున్న రోజు ఇంకొకటి లేదు.

ఈ దీవులతో తెలుగువాళ్లకు పాత లెక్కే ఉంది. 1845 మే నెలలో జమైకాకూ ట్రినిడాడ్‌కూ, 1854 డిసెంబరులో ఫ్రెంచి గ్వాడలూప్‌కూ భారత కూలీల తొలి ఓడలు చేరాయి. ఆ తర్వాత దశాబ్దాల్లో మద్రాసు, పాండిచ్చేరి, కారైకాల్ రేవుల్లో ఎక్కి చెరకు తోటలకు వెళ్లినవారిలో తమిళులతోపాటు తెలుగువాళ్లూ ఉన్నారు. నెలల ప్రయాణం, చాలామంది వెనక్కి రాలేదు. గ్వాడలూప్, మార్టినీక్ దీవుల్లో క్రూజ్ ఓడలు ఇప్పటికీ ఆగుతాయి. అక్కడి మారియమ్మ గుడులు ఓడవాళ్లు అమ్మే టూరు జాబితాల్లో అరుదు. వాటిని చూడాలంటే విడిగా కారు మాట్లాడుకోవాలి.

దీవులు చేతులు కట్టుకుని కూర్చున్నాయని కాదు. మెక్సికో మనిషికి 42 డాలర్ల పన్ను వేస్తామంది, కంపెనీలు ఓడలు మళ్లిస్తామని బెదిరించాక 2025 జులైలో 5 డాలర్లతో మొదలుపెట్టింది. బహామాస్ నసావు రేవుకు వచ్చేవారికన్నా ప్రైవేటు దీవికి మాత్రమే వెళ్లేవారి మీద కాస్త ఎక్కువ పన్ను వేసింది. కేమన్ దీవుల్లో పెద్ద ఓడల కోసం జెట్టీ కట్టాలా అని 2025 ఏప్రిల్ 30న ఓటింగు పెడితే జనం వద్దన్నారు. పగడపు దిబ్బలు పోతాయన్నది వాళ్ల భయం. ఫ్లారిడాలోని కీ వెస్ట్ పట్టణం 2020 నవంబరులో 1,300 మందికి మించిన ఓడలు రాకూడదని ఓటేసి నిర్ణయించుకుంది. మరుసటి ఏడాదే రాష్ట్ర ప్రభుత్వం చట్టం చేసి ఆ తీర్పును రద్దు చేసింది. ఇన్ని ఉదాహరణల్లో ఒక్కటి తేలుతుంది. ఓడకు చక్రం తిప్పుకుని పక్క రేవుకు పోయే వీలుంది, దీవికి లేదు. కాబట్టి దీవులన్నీ కలిసి ఒక్కటే పన్ను వేయడం న్యాయం, అది 5 డాలర్ల కన్నా చాలా ఎక్కువే ఉండాలి. ఒక కాక్‌టెయిల్‌కు 14 డాలర్లు అభ్యంతరం లేకుండా కట్టే కుటుంబం దీవికి ఇచ్చే 15 డాలర్ల దగ్గర నోరు చేసుకోవడం శోభించదు.

కోజుమెల్‌లో దిగినవాళ్లు చేయగలిగిన పని ఇంకా ఉంది. రేవు గేటు దాటి నాలుగు వీధులు లోపలికి నడిస్తే స్థానికులు తినే చోట్లున్నాయి. మాయా స్త్రీలు సంతానం కోసం ఇష్‌చెల్ దేవతకు మొక్కుకోవడానికి పడవల్లో ఈ దీవికి వచ్చేవారు. ఆ గుడి శిథిలాలు శాన్ హెర్వాసియోలో ఉన్నాయి, టాక్సీలో వెళ్లి రావడానికి పూట చాలు. ఆ టాక్సీ బాడుగ దీవిలోనే ఉంటుంది.

విశాఖపట్నం వాళ్లు ఈ కథను ఇంకాస్త శ్రద్ధగా చదవాలి. 2022 జూన్‌లో కార్డీలియా కంపెనీ ‘ఎంప్రెస్’ ఓడ విశాఖకు వచ్చినప్పుడు చూడటానికి జనం ఎగబడ్డారు. 1990లో అది మయామి నుంచి బహామాస్‌కు తిప్పడానికి కట్టిన ఓడ, అప్పటి పేరు ‘నార్డిక్ ఎంప్రెస్’. 2023 సెప్టెంబరులో సుమారు 96 కోట్ల రూపాయలతో అక్కడ కట్టిన క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది. 2024లో కేంద్రం క్రూజ్ భారత్ మిషన్ పెట్టింది. ఓడ ఎప్పుడొస్తుందని అందరూ అడుగుతున్నారు. ఎంతసేపు ఆగుతుంది, మనిషికి ఎంత కడుతుంది, మురుగు ఎక్కడ దించుతుంది అని అడిగేవాళ్లు తక్కువ. బొర్రా గుహలకు రోడ్డు మీద వెళ్లి రావడానికే ఐదారు గంటలు కావాలి. ఎనిమిది గంటలు ఆగే ఓడ జనాన్ని కైలాసగిరి, జలాంతర్గామి మ్యూజియం చూపించి వెనక్కి తీసుకుపోతుంది. ఆ టూరు బస్సులు విశాఖ వాళ్లవే కావాలన్న షరతు, టెర్మినల్లో ఏటికొప్పాక బొమ్మలవాళ్లకూ పొందూరు నేతగాళ్లకూ ఇచ్చే కొట్ల అద్దె, ఇవి మొదటి ఒప్పందంలోనే రాసుకోవాల్సిన సంగతులు.