నాటకం వేస్తే ఊరు కలుస్తుంది

"చిన్న ఊళ్ళో ఏముంటుందిరా, బోర్ తప్ప?" హాస్టల్లో ఈ మాట వారానికి ఒకసారైనా వింటాం. మాల్ లేదు, మల్టీప్లెక్స్ లేదు, నిజమే. కానీ ఊరికి ప్రాణం ఉందా లేదా అని చూడ్డానికి నా కొలత వేరు. డబ్బు కోసం కాకుండా ఆ ఊరివాళ్ళు కలిసి చేసే పని ఏదైనా ఉందా? అలాంటి పని పుట్టించడంలో కళను మించింది లేదని నా అభిప్రాయం.

విజయనగరాన్నే తీసుకోండి. గురజాడ 'కన్యాశుల్కం' 1892లో మొదటిసారి ఆడింది ఆ ఊళ్ళోనే, జగన్నాథ విలాసినీ సభ వాళ్ళ చేతుల మీదుగా. మనం ఇప్పుడు చదివే నాటకం మొదలయ్యేది ఏ రాజుగారి కొలువులోనో కాదు, విజయనగరం బొంకులదిబ్బ దగ్గర. తమ వీధి, తమ యాస, తమ ఇళ్ళల్లో ఆడపిల్లను అమ్ముకునే సిగ్గుమాలిన పని, అన్నీ స్టేజీ మీదే. నలుగురిలో కూర్చుని తన తప్పు తానే చూసుకునే అవకాశం ఊరికి ఇంకెక్కడ దొరుకుతుంది?

అదే ఊళ్ళో 1919లో విజయరామ గజపతి సంగీత కళాశాల పెట్టారు. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. కృష్ణా జిల్లా నుంచి అక్కడికి చదువుకోడానికి వెళ్ళిన ఘంటసాల చేతిలో డబ్బుల్లేక మధుకరం చేశారు, అంటే ఇంటింటికీ తిరిగి అన్నం తెచ్చుకుని తిన్నారు. కాలేజీ కట్టింది సంస్థానమే, కానీ విద్యార్థి కడుపు నింపింది ఆ ఊరి వంటిళ్ళు. ఘంటసాల పాటలో ఆ ఇల్లాళ్ళకూ వాటా ఉందంటాను నేను.

తెనాలిలో ఇంకో ముచ్చట. నాటకాల్లో పేరు మోసిన గోవిందరాజుల సుబ్బారావు వృత్తికి డాక్టరు. 1955 నాటి 'కన్యాశుల్కం' సినిమాలో లుబ్ధావధాన్లు ఆయనే. ఆస్పత్రిలో డాక్టరు బల్లకి అటు, రోగి ఇటు. రిహార్సల్లో అలా కుదరదు. పక్కవాడు మాట అందిస్తేనే ఎంత పెద్దమనిషైనా తన మాట చెప్పగలడు. హార్మోనియం వాయించేవాళ్ళు, తెరలు కట్టేవాళ్ళు, మేకప్ వేసేవాళ్ళు, అందరూ అందరికీ కావాలి.

అలాగని ఆ రోజులన్నీ బంగారమేం కాదు. స్థానం నరసింహారావు సత్యభామ ఎంత గొప్పదైనా, ఆడవేషం మగవాళ్ళే కట్టాల్సిన కాలం అది. మధుకరమూ అన్ని కులాల పిల్లలకీ దొరికేది కాదు. కాబట్టి పాతది యథాతథంగా తిరిగి రావాలని నేననడం లేదు. ఈసారి తలుపు అందరికీ తెరవాలంటున్నాను.

ఇక మన సంగతి. మన ఫెస్ట్‌కి స్టేజీ, లైట్లు, డీజే, చివరికి యాంకర్ కూడా ఈవెంట్ వాళ్ళ ప్యాకేజీలోనే వస్తారు. మనం చేసేది చందా ఇవ్వడం, వీడియో తీయడం. ఐడీ కార్డు లేనివాళ్ళకి ఎంట్రీ లేదు. నాలుగేళ్ళు ఈ ఊరి నీళ్ళు తాగి, బస్టాండూ, బిర్యానీ సెంటరూ, జిరాక్స్ షాపూ తప్ప ఈ ఊళ్ళో మనకి తెలిసిందేంటి?

అందుకే నాదొక ప్రతిపాదన. ఈసారి ఫెస్ట్‌లో ఒక్క సాయంత్రం గేటు బయట పెడదాం. ఈసీఈ వాళ్ళు సౌండు, ఈఈఈ వాళ్ళు లైట్లు, సివిల్ వాళ్ళు స్టేజీ చూసుకుంటారు. పాడేది, ఆడేది మాత్రం మనమొక్కళ్ళమే కాదు. గుడి భజన బృందం, చర్చి క్వాయర్, డప్పు కొట్టేవాళ్ళు, మెస్ అక్కలు, ఎవరొస్తే వాళ్ళు. ఊళ్ళో పాతకాలం నాటక కళాకారులు ఎవరైనా ఉంటే, వెళ్ళి మర్యాదగా పిలుచుకొద్దాం. వచ్చిన కళాకారులకి పారితోషికం కూడా ఇద్దాం, శాలువాతో సరిపెట్టొద్దు.

మైకు కుయ్యిమంటుంది, ఎవరో డైలాగ్ మర్చిపోతారు. పర్లేదు. మర్నాడు జిరాక్స్ షాపు అన్న "రాత్రి నువ్వే కదా పాడింది?" అని అడిగితే చాలు, ఈ ఊరు మనది అవ్వడం మొదలైనట్టే.