తాడవతల నిలబడినవాడు

ఎవరు గొప్ప అన్న తగువు మన ఇళ్ళల్లో ఎప్పుడూ ఉన్నదే. తిక్కన గొప్పా, పోతన గొప్పా అని మా తాతగారు అరుగుమీద కూర్చుని పొరుగింటాయనతో వాదించేవారు. రామారావా, నాగేశ్వరరావా అని మేము హాస్టల్లో అన్నం చల్లారబెట్టుకునేవాళ్ళం. ఇప్పుడు మా అబ్బాయి వంతు వచ్చింది. ప్రపంచంలో కెల్లా గొప్ప ఫ్రీస్టయిలు కుస్తీ వస్తాదులు పదిమంది పేర్లు వరసగా రాసి, "చూడండి నాన్నా" అంటూ నా ముందు పెట్టాడు. చూశాను. పదిమందీ ఒంటిగా గోదాలోకి దిగి, ఒంటిగా గెలిచి, ఒంటిగా బెల్టు నడుముకు బిగించుకున్నవాళ్ళే. జోడీ కుస్తీలో పేరు తెచ్చుకున్నవాడు మచ్చుకైనా ఒక్కడు లేడు.

ఆ పూట ఇంట్లో కుస్తీ బొమ్మ ఆడుతూనే ఉంది. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, "ఇద్దరు కొట్టుకుంటూంటే ఆ మూడో ఆయన తాడు పట్టుకుని అలా నిలబడ్డాడేమండీ? ఆయనకేం పని లేదా?" అని అడిగింది. అడగవలసిన ప్రశ్న అదీ! మా వాడి జాబితాలో లోపమంతా అందులోనే ఉన్నది.

జోడీ కుస్తీ సంగతి ఎరగనివారి కోసం రెండు ముక్కలు చెబుతాను. రెండు పక్షాలు, పక్షానికి ఇద్దరేసి. గోదాలో ఒక్కొక్కడే ఉండాలి. రెండోవాడు తాళ్ళకవతల, తన మూలన, స్తంభానికి కట్టిన పొట్టి తాడు ముక్క పట్టుకుని నిలబడాలి. లోపలివాడు వచ్చి చేతిమీద చెయ్యి వేస్తేనే ఇతను లోపలికి రావాలి. ఆ చెయ్యి తగలటం రిఫరీ కంట పడాలి. పడకపోతే తగిలినా తగలనట్టే లెక్క. ఈ చిన్న నిబంధనలోంచి ఎంత నాటకం పిండారో చెప్పలేను. లోపలివాణ్ణి శత్రువులు తమ మూలకి లాక్కుపోతారు. వంతులవారీగా చావగొడతారు. వాడు పాకుతూ, దేకుతూ, చెయ్యి చాస్తూ వస్తాడు. బయటివాడు తాడు వదలకుండా వీలైనంత ముందుకి వంగి చెయ్యి చాస్తాడు. రెండు చేతుల మధ్య జానెడు దూరం ఉందనగా వెనకనించి కాలు పట్టుకుని లాగేస్తారు. చూసేవాళ్ళ ప్రాణాలు గొంతులో కొస్తాయి.

"అదంతా ముందే మాట్లాడుకున్న కుస్తీ గదా, అందులో గొప్పేమిటి?" అంటారు మా బావమరిది. అవును, మాట్లాడుకున్నదే. కురుక్షేత్రం నాటకంలో దుర్యోధనుడు ఓడిపోతాడని తెలియకనా టిక్కెట్టు కొనుక్కుని తెల్లవార్లూ కూర్చున్నాం? ఎవడు గెలుస్తాడన్నది కాదు, ఎలా ఓడతాడన్నదే అక్కడ విద్య. అంచేత దయచేసి గామాను ఈ లెక్కలోకి తీసుకురాకండి. ఆయన 1910లో లండనులో జిబిస్కోతో రెండున్నర గంటలకు పైగా పట్టిన కుస్తీ నిజం కుస్తీ. ఆ కొలబద్ద వేరు.

బయటివాడి సాయం మనకి కొత్త కాదు సుమండీ. భీముడు జరాసంధుడితో తలపడినప్పుడు గోదా బయట నిలబడి గడ్డిపరక చీల్చి చూపించినవాడెవరు? ఇక వాలీ సుగ్రీవుల యుద్ధంలో చెట్టుచాటునించి వచ్చిన బాణం మాటెత్తితే మా అమ్మ ఊరుకోదు గాని, రిఫరీ అంటూ ఒకడుంటే ఏమనేవాడో ఆలోచించండి.

ఇంతకీ ఒంటరి వస్తాదుల గొప్ప నేను కాదనటం లేదు. లూ థెజ్ ఉన్నాడు. 1937లో, ఇరవై ఒక్కేళ్ళ ప్రాయంలో ప్రపంచ చాంపియను అనిపించుకున్నాడు. 1957లో టోకియోలో రికిడోజాన్‌తో గంటసేపు పోరాడి సమంగా నిలిచాడు. 1968లో బొంబాయిలో మన దారాసింగ్ చేతిలో ఓడినదీ ఆయనే. చివరికి 1990లో, డెబ్బై నాలుగో ఏట, జపానులో తన శిష్యుడితోనే ఆఖరి కుస్తీ పట్టాడు. పట్టు వేస్తే అది పట్టులాగే ఉండేది. వేషం లేదు, కేక లేదు. అటువంటి మనిషిని మొదటి పీటమీద కూర్చోబెట్టటానికి నాకేమీ అభ్యంతరం లేదు.

రెండో పీట రిక్ ఫ్లెయిర్‌ది. 1975లో విమానం కూలి వెన్నెముక విరిగితే, ఇక కుస్తీ లేదన్నారు వైద్యులు. లేచి వచ్చి పదహారుసార్లు ప్రపంచ చాంపియను అయ్యాడు. కాని నేను ఆయన్ని మెచ్చుకునేది ఆ పదహారుకి కాదు. 1989లో రికీ స్టీమ్‌బోట్‌తో ఫిబ్రవరిలో, ఏప్రిల్‌లో, మేలో మూడు పెద్ద కుస్తీలు పట్టాడు. మొదటిదాంట్లో చాంపియను పదవే పోగొట్టుకున్నాడు. ఆ ఓటమి చూడండి! ఎదుటివాడు రాత్రికి రాత్రి ఒక మెట్టు ఎక్కినట్టు కనిపిస్తాడు. ఎదుటివాణ్ణి పెద్ద చెయ్యటం ఒంటరి వస్తాదుకి ఐచ్ఛికం. జోడీ వస్తాదుకి అదే నిత్యకర్మ. అక్కడ ఎదుటివాళ్ళనే కాదు, పక్కవాణ్ణి కూడా పెద్ద చెయ్యాలి.

పక్కవాణ్ణి పెద్ద చెయ్యటమంటే మాటలు కాదు. బుర్రకథలో వంత పాడేవాడు ఒక్క అక్షరం ముందుకు జరిగితే కథకుడి గొంతు మీద కూర్చున్నట్టు, ఒక్క అక్షరం వెనక్కి తగ్గితే కథ కుంటినట్టు. అయితే వంత ఎప్పుడూ ఒకడే పాడాలని రాసిపెట్టి ఉంటే ఏమవుతుంది? టోకియోలో ఏమయిందో చెబుతాను.

రికిడోజాన్ ఒకప్పుడు సుమో వస్తాదు. అది మానుకుని అమెరికా పద్ధతి కుస్తీ నేర్చి జపానుకు తెచ్చాడు. 1954 ఫిబ్రవరి 19న టోకియోలో పెద్ద జోడీ కుస్తీ ఏర్పాటయింది. అటు షార్ప్ సోదరులు, బెన్, మైక్. కెనడావాళ్ళు, తాటిచెట్లలాంటి మనుషులు. ఇటు రికిడోజాన్, అతని జోడీగా మసాహికో కిమురా. జపాను యుద్ధంలో ఓడి అప్పటికి తొమ్మిదేళ్ళయినా కాలేదు. టెలివిజన్లు ఇంటింటికీ లేవు. షింబాషీ స్టేషను ముందు, అటువంటి కూడళ్ళలో, వీధిలో టెలివిజను పెట్టెలు పెట్టారు. వాటి ముందు వేలమంది జనం నిలబడి, ఇద్దరు తెల్లవాళ్ళని మనవాడు చేతి దెబ్బలతో పడగొడుతున్నాడని కేరింతలు కొట్టారు.

పడగొట్టింది రికిడోజాన్. మరి కిమురా ఏం చేశాడు? దెబ్బలు తిన్నాడు.

ఈ కిమురా ఎవరనుకున్నారు? జూడోలో జపాను దేశమంతటికీ మొనగాడు. 1951లో బ్రెజిల్ వెళ్ళి, రియోలో ఎలియో గ్రేసీ అనే వస్తాదు చెయ్యి మెలిపెట్టి విరిచి వచ్చినవాడు. ఆ మెలికకు ఈనాటికీ ప్రపంచమంతా కిమురా అనే పేరు. అటువంటివాడు రోజుకొక ఊళ్ళో చావుదెబ్బలు తిని, పాకుతూ వెళ్ళి చెయ్యి తగిలించాలి. రికిడోజాన్ ఉరికి వచ్చి దుష్టులను శిక్షించి జేజేలు కొట్టించుకోవాలి. ఒకనాడు కాదు, రెండునాళ్ళు కాదు, ఆ పర్యటనంతా ఇదే వరస. వంతు మారలేదు. కిమురాకు కడుపు మండిపోయింది. నిజంగా తలపడితే రికిడోజాన్ నా ముందు నిలవలేడని పత్రికలవారితో అనేశాడు.

అదే ఏడు డిసెంబరు 22న ఇద్దరూ ఒకరికెదురుగా ఒకరు దిగారు. సమంగా ముగించాలని ముందే ఒప్పందమని కిమురా తరువాత చెప్పాడు. మధ్యలో రికిడోజాన్ ఒప్పందం గట్టున పెట్టి నిజంగానే విరుచుకుపడ్డాడు. పదిహేను నిమిషాలు దాటేసరికి కిమురా రక్తంతో నేలమీద పడి ఉన్నాడు. రికిడోజాన్ జపానుకు వీరపురుషుడయ్యాడు. 1963లో ఒక నైట్‌క్లబ్బులో కత్తిపోటు తిని, వారం తిరక్కుండా చనిపోయాడు. కిమురా 1993 దాకా బ్రతికాడు. ఆ రాత్రిని మాత్రం మరువలేదు.

మా వాడి జాబితాలో రికిడోజాన్ మూడోవాడు. కిమురా లేడు. నా జాబితాలో రికిడోజాన్ మూడు నించి ఆరుకి దిగిపోయాడు. జపానులో ఈ ఆటకు ప్రాణం పోసినవాడన్న మాట నిజమే గనక ఆరు. లేకపోతే ఇంకా దిగేవాడు. తన జోడీకి ఒక్కనాడూ వంతు ఇవ్వనివాణ్ణి ఇంతకంటే పైకి ఎక్కించటానికి నాకు చెయ్యి రావటం లేదు.

దారిలో ఒక ముచ్చట. జోడీ కుస్తీకి మన దేశానికి సంబంధం లేదనుకునేరు. 1955లో జపానులో ఆసియా జోడీ చాంపియను పదవి కొత్తగా పెడితే, మొట్టమొదట దాన్ని గెలుచుకున్నది కింగ్‌కాంగ్, టైగర్ జోగిందర్ సింగ్. ఓడిపోయినవాళ్ళు రికిడోజాన్, హెరాల్డ్ సకాటా. ఈ సకాటాయే తరువాత జేమ్స్ బాండ్ సినిమా 'గోల్డ్‌ఫింగర్'లో టోపీ విసిరి తలలు ఎగరగొట్టే దుష్టుడు. ఆ జోడీ పదవి జపానులో నేటికీ ఉంది.

ఇప్పుడు మా బావమరిది చెవిని వెయ్యవలసిన కథ. కెనడాలో హార్ట్ వారి కుటుంబం. బ్రెట్ హార్ట్, అతని అక్క మొగుడు జిమ్ నీడ్‌హార్ట్ జోడీ కట్టారు. 1987 జనవరిలో వీళ్ళు జోడీ చాంపియన్లయ్యారు. ఓడించినది ఎవరినయ్యా అంటే, చెల్లెలి మొగుడు డేవీ బాయ్ స్మిత్‌నీ, అతని జోడీనీ! ఒకే ఇంటి అల్లుళ్ళు అటొకరు, ఇటొకరు. సంక్రాంతికి అందరూ ఒక పంక్తిని కూర్చుంటే మామగారికి ఎలా ఉండేదో గాని.

తరువాత బ్రెట్ ఒంటరివాడయ్యాడు. 1992 ఆగస్టులో లండను వెంబ్లీ స్టేడియంలో దాదాపు ఎనభైవేల జనం ముందు ఇదే బావమరిదితో కుస్తీ. మొదలయిన కొద్దిసేపటికే డేవీకి కంగారు పుట్టి, అనుకున్నదంతా మరిచిపోయాడట. బ్రెట్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. ప్రతి పట్టూ చెవిలో చెబుతూ, చెయ్యి పట్టుకుని నడిపించినట్టు నడిపించి, చివరికి తానే ఓడి, బెల్టు అతని చేతిలో పెట్టి వచ్చాడు. ఆ జనంలో ఒక్కరికి తెలియలేదు. ఈ విద్య ఒంటరిగా ఆడినవాడికి రాదు. ఏళ్ళతరబడి తాడు పట్టుకుని నిలబడి, పక్కవాడి ఊపిరి లెక్కపెట్టినవాడికే వస్తుంది. మరుసటి అక్టోబరులో ఫ్లెయిర్‌ని ఓడించి ప్రపంచ చాంపియనయ్యాడు గాని, నేను నాలుగో పీట వేసింది ఆ వెంబ్లీ రాత్రికే.

జోడీలనగానే పిల్లలంతా రోడ్ వారియర్స్ అంటారు. మొహాలకు రంగులు, భుజాలకు ముళ్ళ కవచాలు. హాక్, యానిమల్. అమెరికాలో మూడు పెద్ద సంస్థల జోడీ బెల్టులూ గెలిచిన మాట నిజం. వాళ్ళు వస్తూంటేనే ఎదుటివాళ్ళకు జ్వరం వచ్చేది. కాని వాళ్ళకి దెబ్బలు తినటం అట్టే చేతకాదు. తినే అలవాటూ లేదు. తినకుండా గెలిచేవాళ్ళకి జోడీ దేనికి? అంచేత ఎనిమిదో పీట. వాళ్ళ కంటే ఒక మెట్టు పైన, ఏడులో, 1957లో జతకట్టిన ఫాబ్యులస్ కంగారూస్. అల్ కాస్టెలో, రాయ్ హెఫర్నన్ ఆస్ట్రేలియా టోపీలు పెట్టుకుని బూమరాంగులు జనంలోకి విసిరేవారు. ఇద్దరికీ ఉమ్మడిగా ఒక వేషం, ఒక ఊరు, ఒక పేరు ఉండాలని అందరికీ నేర్పినవాళ్ళలో వీళ్ళు ముందువాళ్ళు. అయిదో పీట స్టీమ్‌బోట్‌ది. ఒంటరిగా ఫ్లెయిర్‌తో పట్టినదెంతో, 1983లో గ్రీన్స్‌బరోలో జే యంగ్‌బ్లడ్‌తో జోడీగా పట్టినదీ అంతే. ఆ రోజు టిక్కెట్లు దొరక్క వేలమంది వెనక్కి పోయారు.

ఇక మూడో పీట మిగిలింది. దానిమీద ఇద్దరు కూర్చుంటారు. "ఒక బెర్తుమీద ఇద్దరా, ఇదేం ఆర్.ఏ.సి. టిక్కెట్టా బావా?" అని మా బావమరిది ఎకసెక్కమాడారు. అవును, అంతే. రికీ మార్టన్, రాబర్ట్ గిబ్సన్. రాక్ అండ్ రోల్ ఎక్స్‌ప్రెస్ అని 1983లో జతకట్టారు. ఇద్దరూ భారీ మనుషులు కారు. మార్టన్ మరీ చిన్నవాడు, పచ్చటి పొడుగు జుట్టు. అతను దెబ్బ తింటే వెనక బల్లలమీది ఆడపిల్లలు ఏడ్చేవారు. బాబీ ఈటన్, డెనిస్ కాండ్రీల మిడ్‌నైట్ ఎక్స్‌ప్రెస్‌తో వీళ్ళ కుస్తీలు చూడండి. మార్టన్ పదినిమిషాలు తన్నులు తిని, ఇక లేవడనుకుంటూండగా ఒక్క చెయ్యి లేస్తుంది. ఆ చెయ్యి లేవటంలో ఎంత ఆలస్యం చెయ్యాలో అతనికి తెలిసినట్టు మరెవరికీ తెలియదు. జోడీలో దెబ్బలు తినే భాగానికి ఆ వృత్తిలో వాళ్ళు అతని పేరే పెట్టేశారు. ఎవడు ఆ పని చేసినా "ఇవాళ రికీ మార్టన్ వేషం వీడిది" అంటారు.

మరి గిబ్సన్? మా ఆవిడ అడిగినది అతని గురించే. ఆ పదినిమిషాలూ అతను బయటే. కోపంతో లోపలికి దూకాలి, రిఫరీ ఆపాలి. ఆ అడ్డం చూసుకుని శత్రువులు లోపల మరింత కొట్టాలి. అంటే అతని ఆత్రమే తన జోడీకి మరో నాలుగు దెబ్బలు తెచ్చిపెట్టాలి. ఇదంతా జనం చూపు మార్టన్ మీదినించి తనమీదికి తిప్పకుండా చెయ్యాలి. ఆఖరికి చెయ్యి తగిలాక అతను ఇటు నలుగురిని, అటు నలుగురిని తన్నినట్టు లోపలికి రావాలి. గిబ్సన్ ముప్పై ఏళ్ళకు పైగా చేసింది ఇదే.

1985లో మొదటిసారి ఎన్.డబ్ల్యు.ఎ. ప్రపంచ జోడీ చాంపియన్లయ్యారు. 2019లో, మార్టన్‌కు అరవై మూడు, గిబ్సన్‌కు అరవై ఒకటి, మళ్ళీ ఆ బెల్టులే గెలిచారు. మధ్యలో ముప్పై నాలుగేళ్ళు. ఆ వయసులోనూ లోపల మార్టన్ దెబ్బలు తింటూనే ఉన్నాడు. గిబ్సన్ తాడు పట్టుకుని, చెయ్యి చాచి, బయటే ఉన్నాడు.