సంపాదకుని మాట: గాయం వెనుక మనసు

కౌమారంలో తమను తాము గాయపరచుకునే పిల్లలందరూ చావునే కోరుకుంటున్నారనుకోవడం పొరపాటు. నలుగురి దృష్టిలో పడడానికి చేసే పని అని కొట్టిపారేయడం అంతకు మించిన పొరపాటు. అమెరికన్ మనస్తత్వవేత్తలు మాథ్యూ నాక్, మిచెల్ ప్రిన్‌స్టీన్ 2004లో ఆసుపత్రిలో చేరిన కౌమారులను పరిశీలించినప్పుడు, ఎక్కువమంది చెప్పిన కారణం భరించలేని భావోద్వేగం నుంచి ఉపశమనమే. ఆ ఊరట క్షణికమే అయినా అదే అలవాటును బిగిస్తుంది, వెన్నంటి వచ్చే సిగ్గు మళ్లీ పాత బాధనే రగిలిస్తుంది.

ఈ అలవాటు మూలంలో తరచుగా కనిపించేది భావోద్వేగ నియంత్రణ లోపం, అంటే కోపాన్నో దుఃఖాన్నో గుర్తించి, పేరు పెట్టి, తట్టుకునే నేర్పు కొరవడడం. పుట్టుకతో సున్నితమైన పిల్లలకు “ఇదీ ఒక బాధేనా” అని తీసిపారేసే పరిసరాలు తోడైతే ఆ లోపం ముదురుతుందని మనస్తత్వవేత్త మార్షా లీనహన్ ప్రతిపాదించారు. ఆమె రూపొందించిన చికిత్స ఆ నేర్పునే ఓపికగా అలవరుస్తుంది. బాల్యంలో ఎదురైన హింస, కుంగుబాటు, తనపై తనకే ఉన్న కసి కూడా ముప్పును పెంచుతాయి. ప్రాణం తీసుకునే ఉద్దేశం లేని గాయం సైతం తరువాతి ఆత్మహత్యాయత్నానికి సూచన కావచ్చు కనుక, మండువేసవిలోనూ పొడవు చేతుల చొక్కా విప్పని పిల్లవాడిని నిలదీయకుండా, నెమ్మదిగా పలకరించడం అవసరం; ఉచిత టెలిమానస్ సేవ 14416లో తెలుగులోనూ మాట్లాడవచ్చు.

పిల్లల బాధను తీసిపారేసే పరిసరాలు విద్యాసంస్థల్లోనూ ఉంటాయి. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు, మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయడాన్ని, పిల్లలను బహిరంగంగా అవమానించడాన్ని వారించాయి. కార్పొరేట్ కళాశాలలు ఇన్నాళ్లూ ప్రతిభకు పదునుగా చూపించుకున్నది సరిగ్గా ఆ బ్యాచ్‌ల పద్ధతినే.