గుద్దు ఎవరిది, చూపు ఎవరిది?

బాక్సింగ్ హింస కదా, దాన్ని మనలాంటి వాళ్ళం కూర్చుని చూడటమేమిటని మహిళా సంఘాల్లో పనిచేసే మిత్రులు నన్ను తరచు అడుగుతుంటారు. గృహహింస కేసులతో రోజూ తలమునకలయ్యేవాళ్ళు అడిగే ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేం. అయితే దానికంటే ముందు అడగవలసింది మరొకటుంది. మనం చూస్తున్నది బాక్సింగునా, టెలివిజన్ అందులోంచి ఏరి చూపిస్తున్న ముక్కలనా? ఈ రెండూ ఒకటి కావనీ, ఆ తేడా స్త్రీల హక్కులకు సంబంధించినదనీ నా వాదన.

కెమెరా ముఖాలకు దగ్గరగా వెళుతుంది. తగిలిన గుద్దును నెమ్మదిగా, రెండు మూడు కోణాల్లోంచి మళ్ళీ చూపిస్తుంది. మన సీరియళ్ళలో ఒక్క చెంపదెబ్బ మూడుసార్లు పడుతుందే, అదే పద్ధతి. తగలని గుద్దును మళ్ళీ చూపించరు. కానీ ఈ ఆటలో సగం విద్య ఎదుటివారి గుద్దు తగలకుండా చేయడంలోనే ఉంది.

2023 మార్చిలో న్యూఢిల్లీలో జరిగిన మహిళల ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీలను నేను గ్యాలరీలో కూర్చుని చూశాను. అక్కడ మొదట కనపడేవి చేతులు కావు, కాళ్ళు. ఇరవై అడుగుల చదరంలో ఒకరు అడుగు వేస్తే మరొకరు ఆ దూరాన్ని సరిచేసుకుంటూ ఉంటారు. మూడు నిమిషాల రౌండులో ఎక్కువ భాగం ఈ కొలతలోనే గడుస్తుంది. గుద్దుతోపాటు బయటికొచ్చే ఊపిరి వినపడుతుంది. రిఫరీ ‘స్టాప్’ అనగానే లేచిన పిడికిలి ఆగిపోతుంది. ఫలితం ప్రకటించాక కెమెరా గెలిచినామె వెంట పోతుంది. హాలులో మాత్రం ఓడినామె తాళ్ళ మధ్య నుంచి దిగి వెళ్ళడం కూడా చూస్తాం. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ అక్కడే 50 కిలోల విభాగంలో వియత్నాంకు చెందిన న్గుయెన్ థి తామ్‌ను ఓడించి రెండోసారి ప్రపంచ ఛాంపియన్ అయింది. టెలివిజన్ మనకు జెండానూ కన్నీళ్ళనూ ఇచ్చింది, ముస్లిం అమ్మాయి నిక్కరు వేసుకోవడం గురించి ఊరి మాటలను మళ్ళీ వినిపించింది. ఆమె పనితనం గురించి ఎంతసేపు చెప్పింది?

ఇప్పుడు హింస సంగతికి వద్దాం. రింగులో ఇద్దరూ ఇష్టపడి దిగుతారు. ఒకే బరువు తరగతిలో ఉంటారు. ఆపడానికి మనిషి ఉంటాడు, లెక్క ఉంటుంది, చాలించుకుని దిగిపోయే హక్కు ఉంటుంది. ఇంట్లో దెబ్బలు తినే స్త్రీకి వీటిలో ఏది ఉంది? రెంటినీ ఒకే మాటతో పిలిస్తే ఇంట్లో జరిగేదాని తీవ్రతను మనమే తగ్గించినట్టవుతుంది. నియమాలను వదిలేసి దెబ్బను మాత్రమే మిగిల్చి చూపించే తెర ఈ తేడాను చెరిపేస్తోంది.

తెర సౌకర్యం కోసం స్త్రీల దుస్తులే మార్చబోయిన చరిత్ర కూడా ఉంది. హెల్మెట్లు పెట్టుకుంటే టీవీలో ఆడవాళ్ళెవరో మగవాళ్ళెవరో తెలియడం లేదంటూ, 2010-11 ప్రాంతంలో అంతర్జాతీయ బాక్సింగ్ సంఘం మహిళలకు స్కర్టులు ప్రతిపాదించింది. నిరసనలు వచ్చాక 2012లో వాటిని ఐచ్ఛికం చేసింది. స్త్రీలు ఒలింపిక్ రింగులో మొదటిసారి అడుగుపెట్టిన సంవత్సరం కూడా అదే. అప్పుడు పురుషులకు 10 బరువు తరగతులు, స్త్రీలకు 3.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఈ చూపు మరింత క్రూరమైంది. అల్జీరియాకు చెందిన ఇమాన్ ఖలీఫ్‌తో తలపడిన ఇటలీ బాక్సర్ ఏంజెలా కారీనీ 46 సెకన్లకే తప్పుకుంది. ఆ ముక్క ప్రపంచమంతా తిరిగింది. రింగు ఎన్నడూ చూడనివాళ్ళు ఖలీఫ్ దవడనూ భుజాలనూ చూసి ఆమె స్త్రీ కాదని తీర్పు చెప్పారు. ఇదే ఖలీఫ్ టోక్యోలో ఐర్లాండ్ క్రీడాకారిణి కెల్లీ హారింగ్టన్ చేతిలో 5-0తో ఓడింది. 2022 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లోనూ ఓడింది. ఆ తొమ్మిదేసి నిమిషాలు ఎంతమంది చూశారు? 2025లో వరల్డ్ బాక్సింగ్ సంస్థ మహిళా విభాగంలో పోటీచేసేవారికి జన్యు పరీక్షను తప్పనిసరి చేసింది. 2006లో తమిళనాడు అథ్లెట్ శాంతి సౌందరరాజన్ పతకం ఎలా పోయిందో మరిచిపోని మనకు, ఇటువంటి పరీక్షలు ఎవరి బతుకుల మీద పడతాయో వేరే చెప్పాలా? గ్యాలరీలో కూర్చున్నంత మాత్రాన ఎవరి జన్యువులూ మనకు తెలియవు. కానీ అక్కడ పని కనిపిస్తుంది. తెర మీద శరీరం మాత్రం సాక్ష్యంగా మారి, ప్రతి ప్రేక్షకుడూ పరీక్షాధికారి అవుతున్నాడు.

గ్యాలరీ పవిత్రస్థలమని నేను అనడం లేదు. అక్కడా కేకలుంటాయి, వెకిలి మాటలుంటాయి. రాత్రి పోటీ చూసి ఒంటరిగా తిరిగి రావడం ఎంతమంది స్త్రీలకు సాధ్యం? స్టేడియంలో శుభ్రమైన మరుగుదొడ్డి ఉంటుందా? టీవీయే గతి అయిన స్త్రీలను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ప్రత్యక్షంగా చూసే అవకాశం కూడా పురుషుల సొత్తుగానే ఉండిపోయిందని చెప్పడమే నా ఉద్దేశం.

అందుకని మన సంఘాలు చేయవలసిన పని ఉంది. జిల్లా, రాష్ట్ర స్థాయి బాలికల పోటీలకు మనం వెళ్ళాలి, బస్తీల నుంచి, హాస్టళ్ళ నుంచి ఆడపిల్లలను తీసుకెళ్ళాలి. స్త్రీల పోటీలను పగటివేళ పెట్టాలనీ, బాలికలకు ఉచిత ప్రవేశం, మరుగుదొడ్లు, బస్సులు ఏర్పాటు చేయాలనీ క్రీడాశాఖలను అడగాలి. వ్యాఖ్యాతలుగా ఆట తెలిసిన స్త్రీలను పెట్టమని ఛానళ్ళను నిలదీయాలి. స్త్రీలు కొట్టడం నేర్చుకున్నారు, దెబ్బ తప్పించుకోవడమూ నేర్చుకున్నారు. వాళ్ళను ఎలా చూడాలో నిర్ణయించే అధికారాన్ని మాత్రం మనం ఇంకా కెమెరా వెనకున్నవాళ్ళకే వదిలేశాం.