ముందు మనసులో... తర్వాతే కెమెరాలో!

వట్లూరులో పొద్దున్నే బయల్దేరిన ఓ కుటుంబం ఏలూరు మీదుగా కొల్లేరు చూడ్డానికి వెళ్లిందనుకోండి. కైకలూరు దగ్గర ఆటపాక పక్షుల కేంద్రం రాగానే నాన్న సెల్‌ఫోన్ బయటికి తీస్తాడు. పెలికాన్ ఎగిరితే ఓ క్లిక్కు, వాలితే ఓ క్లిక్కు. సాయంత్రానికి 300 ఫొటోలు! ఇంటికొచ్చి చూస్తే ఏముంటాయి? ఆకాశంలో తెల్లటి చుక్కలు, సగం తెగిన పడవ, ఎవరిదో వీపు. కళ్లారా చూసిన కొల్లేరు మాత్రం ఒక్కదాన్లోనూ కనిపించదు. 'మంచి కెమెరా ఉండుంటేనా...' అని ఓ నిట్టూర్పు.

నిజానికి తప్పు కెమెరాది కాదు. ఏం చూపించాలో అనుకోకుండానే మీట నొక్కడంలో ఉంది.

ఆన్సెల్ ఆడమ్స్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ 1927 ఏప్రిల్ 10న యోసెమిటీలో కొండలెక్కారు. 'హాఫ్ డోమ్' అనే మహాశిల ఎదుట నిలబడేసరికి ఆయన దగ్గర మిగిలినవి రెండే రెండు గాజుపలకలు. పసుపు ఫిల్టరు పెట్టి ఒకటి తీశారు. వెంటనే అనుమానం వచ్చింది... కొండ అయితే వస్తుంది, కానీ దాన్ని చూసినప్పుడు తన గుండె ఝల్లుమన్న సంగతి రాదు కదా అని! అప్పుడు ముదురు ఎరుపు ఫిల్టరు బిగించారు. ఎరుపు గాజు ఆకాశంలోని నీలాన్ని ఆపేస్తుంది. దాంతో నలుపు తెలుపు ఫొటోలో ఆకాశం దాదాపు నల్లబడి, కొండ గంభీరంగా నిలబడుతుంది. చివరి పలక మీద ఆయన కోరుకున్నదే వచ్చింది. 'మోనోలిత్' పేరుతో ప్రపంచమంతా చూసిన ఫొటో అదే. తీయబోయే చిత్రాన్ని ముందే మనసులో చూసుకోవాలన్నది ఆ తర్వాత ఆయన అందరికీ చెప్పిన పాఠం.

అంతదూరం ఎందుకు? 1957లో వచ్చిన 'మాయాబజార్' చూసినవాళ్లు మార్కస్ బార్ట్లే వెన్నెల గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. రంగుల్లేని తెరమీద అంత చల్లదనం ఊరికే రాలేదు. ఆ వెన్నెల ముందు ఛాయాగ్రాహకుడి ఊహలో కాసింది, తర్వాతే తెరమీద పరుచుకుంది.

మళ్లీ ఆటపాకకే వద్దాం. పడవ ఎక్కేముందు 'ఈ ఫొటో ఏం చెప్పాలి?' అని ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు. పక్షి ఠీవి చెప్పాలంటే చలికాలం ఉదయాన్నే వెళ్లాలి. సూర్యుణ్ని వీపు వైపు ఉంచుకుంటే రెక్కల మీద వెలుగు పడుతుంది. ఎదురుగా ఉంచుకుని, ఫోన్ తెరమీద ఆకాశం దగ్గర వేలు ఆనిస్తే అదే పక్షి నల్లని నీడబొమ్మవుతుంది. రెండూ బాగుంటాయి. ఏది కావాలో ముందే తేల్చుకోవాలి. ఫోన్‌తో దూరపు పక్షిని దగ్గరకు లాగితే బొమ్మ చెదిరిపోతుంది. దానికన్నా నీళ్లూ ఆకాశమూ కలుపుకొని పక్షిని చిన్నదిగానే ఉంచడం మేలు. ఎగిరే ఫొటో కోసం చప్పట్లు కొట్టి గూళ్ల మీది పక్షుల్ని బెదరగొట్టడం మాత్రం ఏ ఊహలోనూ ఉండకూడదు.

పక్షి కాదు, సరస్సు కథే చెప్పాలంటే? అప్పుడు చోటు మారుతుంది. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. లోపల విస్తరించిన చేపల చెరువుల గట్లను 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో కొట్టేశారు. ఆటపాకలో పెలికాన్లు కొన్ని మనుషులు కట్టిన ఇనుప స్టాండ్ల మీదే గూళ్లు పెడతాయి. పక్షిని మాత్రమే బిగించి తీస్తే ఆ స్టాండు కనిపించదు, అందం మిగులుతుంది. నాలుగడుగులు వెనక్కి ఆలోచించి స్టాండును కూడా చేర్చితే, చెట్టు దొరకని పక్షి కథ కనిపిస్తుంది. రెండూ నిజాలే. ఏ నిజం పిల్లలకు మిగలాలన్నది మీట నొక్కకముందే తేలాల్సిన విషయం.

ఈసారి వెళ్లినప్పుడు ఓ పందెం వేసుకోండి. మొదటి పది నిమిషాలు ఫోన్ జేబులోనే ఉండాలి. ఆ తర్వాత ఇంటిల్లిపాదికీ కలిపి పదే ఫొటోలు. ప్రతి ఫొటోకూ ముందు, అందులో ఏం ఉంటుందో పిల్లలు ఒక్క మాటలో చెప్పాలి. పదిలో తొమ్మిది పోయినా ఫర్వాలేదు. మిగిలిన ఆ ఒక్కటీ గోడెక్కుతుంది!