శివారుకి నీరందకపోతే బ్యారేజీని తిడతామా?

“లైనక్సు మనలాంటోళ్లకి కాదండీ. ఎక్కించిన రోజు నుంచీ తలనొప్పే!” కంప్యూటర్లు బాగుచేసే షాపులో అడిగినా, ఇంజినీరింగ్ చదివే పిల్లల్ని అడిగినా ఇదే మాట. చేతులు కాల్చుకున్నవాళ్లు అంటున్నారు కాబట్టి మాటలో నిజం లేదనను. ఇబ్బంది నిజమే. దాన్ని చూసి ఇచ్చిన తీర్పే తప్పు.

మా ధవళేశ్వరంలో కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852లో పూర్తిచేసిన ఆనకట్ట పాతబడ్డాక 175 గేట్లతో బ్యారేజీ కట్టారు. కాలువ చివర శివారు పొలానికి నీరందకపోతే అక్కడి రైతు బ్యారేజీ దండగని తేల్చేయడు. గట్టెక్కి పైకి నడుస్తాడు. పంటబోదెలో గుర్రపుడెక్క పేరుకుందా, తూము తలుపు దిగి ఉందా, పైవాళ్లు అడ్డుకట్ట వేశారా, లాకుల దగ్గరే తక్కువ వదిలారా అని చూసుకుంటూ పోతాడు. నీరు ఎక్కడిదాకా వచ్చిందో, ఎక్కణ్ణుంచి రావట్లేదో తెలిసిందంటే అడ్డం ఆ రెండింటి మధ్యే ఉంటుంది. కొత్తగా ఎక్కించిన లైనక్సులో లోపం వెతకడానికీ ఈ నడకే కావాలి.

మొన్నామధ్య మా మేనల్లుడు పాత ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. విండోస్ 11 ఏమో ఆ ముసలి ప్రాసెసరుని ఒప్పుకోదు. అందుకని విండోస్‌ని అలాగే ఉంచి పక్కన లైనక్సు ఎక్కించాడు. వైఫై కనపడలేదు. గడియారం ఐదున్నర గంటలు ముందుకి పోయింది. “ఇది మనకి పడదండి మావయ్యా, తీసేద్దాం” అన్నాడు.

తీసేద్దువుగాని, ముందు గట్టు మీద నాలుగడుగులు నడుద్దాం రమ్మన్నాను. టెర్మినల్ తెరిచి ‘ఎల్‌ఎస్‌పీసీఐ’ కొట్టాం. వైఫై కార్డు పేరు జాబితాలో ఉంది. అంటే కార్డు యంత్రానికి కనపడుతూనే ఉంది. తర్వాత ‘డీమెస్‌జీ’ కొట్టాం. బారెడు చిట్టా వచ్చింది. అందులో ఒక వరుస, కార్డుకి కావలసిన ఫర్మ్‌వేర్ ఫైలు దొరకలేదని చెబుతోంది. బోదెలో అడ్డం దొరికింది. ఆ ఫైలు తెచ్చుకోవాలంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే వైఫై రావాలి. పెళ్లయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు! చివరికి వాడి జేబులో ఫోనే ఆదుకుంది. కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేస్తే నెట్ వచ్చింది, ప్యాకేజీ దిగింది, రీస్టార్ట్ చేయగానే మా ఇంటి వైఫై పేరు కనపడింది.

గడియారం సంగతి ఇంకా తమాషా. నెట్ రాగానే లైనక్సు తన టైము తనే సరిచేసుకుంది. ఈసారి విండోస్‌లో ఐదున్నర గంటలు వెనక్కి పోయింది! మదర్‌బోర్డు మీది గడియారంలో ఉన్నది మన టైమని విండోస్ అనుకుంటుంది. అది యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక టైము, అనుకుని లైనక్సు మన ఐదున్నర గంటలూ కలుపుతుంది. గడియారం ఒకటే, లెక్కలు రెండు. ఒక్క ఆదేశంతో రెండింటినీ ఒకే లెక్కకి తెచ్చాం.

ఇందులో లైనక్సు చేసిన పాపమేమిటి? వైఫై చిప్ చేసినవాళ్లు ఫర్మ్‌వేర్‌ని మూసిపెట్టి, పంచుకోడానికి షరతులు పెడితే ఆ నింద కూడా లైనక్సు మీదే పడుతోంది. మూసిన ఫర్మ్‌వేర్ వద్దన్న పట్టుదలతో, లైనక్సు రకాల్లో ఒకటైన డెబియన్ వాళ్లు చాలా ఏళ్లు దాన్ని తమ అధికారిక ఇన్‌స్టాలర్‌లోకి రానివ్వలేదు. చివరికి ఓటు పెట్టుకుని, 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి రానిచ్చారు. ఇక పోలికంటారా, విండోస్‌ని డ్రైవర్లన్నీ కూర్చి ఎక్కించి అమ్ముతారు. హోటల్లో వడ్డించిన విస్తరినీ, ఇంట్లో మనం మొదటిసారి వండుకున్న వంటనీ పక్కపక్కన పెట్టి తీర్పు చెబితే ఎలా? మామూలోళ్లకి చేతకాదన్న మాటకి కేరళ ప్రభుత్వ బడులే జవాబు. అక్కడి పిల్లలు ఏళ్ల తరబడి లైనక్సు లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు.

అందరికీ పనికొస్తుందని మాత్రం అనను. అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో శుభలేఖలు వేసే డీటీపీ షాపాయన వచ్చి అడిగితే వద్దనే చెబుతాను. ఆ అక్షరాలు యూనికోడ్ కావు, ఆ ఫాంటు లేనిచోట పెళ్లికూతురి పేరు కూడా పిచ్చిగీతలైపోతుంది. ఆయన జీవనమంతా ఆ ఫైళ్లలో ఉంది.

లైనక్సు వీరాభిమానులకీ ఓ మాట. కొత్తగా వచ్చినవాడు సాయమడిగితే “మాన్యువల్ చదువుకో” అనడం, నీళ్లేవని అడిగిన రైతుని నీటిపారుదల చట్టం చదువుకోమని లస్కరు కసురుకున్నట్టుంటుంది. ఈ చెడ్డపేరులో సగం వాటా మీదే. పక్కన కూర్చుని ఆ చిట్టాలో ఏ వరుస చదవాలో చూపిస్తే చాలు.

రెండు వారాల తర్వాత మేనల్లుడు ఫోన్ చేశాడు. “సౌండు రావట్లేదండి మావయ్యా” అన్నాడు. ఇంకేముంది, తీసేస్తానంటాడనుకున్నాను. “కార్డు జాబితాలో ఉందండి. డీమెస్‌జీలో ఒక వరుస అనుమానంగా ఉంది, చదవమంటారా?”